సగం దారిలో పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకు పోర్చుగల్ వెళ్ళాలన్న ఆలోచన విశాలాక్షి ఆంటీది. టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో ఆవిడ కుదిర్చిన జంటలన్నీ ఇప్పుడు పిల్లల్ని ఈత క్లాసులకు తిప్పుతూ, దారిలో ఆవిడ ఎదురైతే మొహం చాటేస్తున్నాయని గిట్టనివాళ్ళు అంటారు. ఆవిడ ఆ మాటలు లెక్కచేయదు. ఫీజు పుచ్చుకోదు, పట్టుచీర పెడితే కాదనదు. భర్త యోగానంద్ అంకుల్ ఒక బ్యాంకులో ఐటీ ఉద్యోగి. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్ళు ఎంత చెప్పినా ఆయన మాత్రం రోజూ రైలెక్కి టొరంటో వెళ్ళిపోతాడు. అక్కడైతే మీటింగుల్లో తనకూ మాట్లాడే వంతు వస్తుంది మరి.

ఈసారి చిక్కేమిటంటే అమ్మాయి హామిల్టన్‌లో ఉంది, అబ్బాయి జర్మనీలో ఉన్నాడు. అబ్బాయికి కెనడా విజిటర్ వీసా రాలేదు. అమ్మాయి ఇండియా వెళ్దామంటే రెండు సెమిస్టర్ల మధ్య సెలవులు ప్రయాణానికీ చుట్టాల పలకరింపులకీ సరిపోతాయి. వీడియో కాల్లో చూసుకుంటే పోలేదా అని అంకుల్ ఓ మాట అనబోయాడు. ఫోన్లో చూసి కోడల్ని తెచ్చుకోవడమంటే కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టించుకోవడమే అని ఆంటీ ఆయన నోరు మూయించింది. ఫోన్‌లో మ్యాపు తెరిచి, హామిల్టన్ మీద ఒక వేలు, జర్మనీ మీద ఒక వేలు పెట్టి మధ్యలో ఏముందా అని వెతికింది. నడిసముద్రంలో నాలుగు చుక్కల్లా దీవులు కనిపించాయి. అవి పోర్చుగల్‌వి. అక్కడికి అబ్బాయికి వీసాతో పనే లేదు. అమ్మాయి వీసా తెచ్చుకోవడం ఓ లెక్కా అనుకున్నారు అందరూ.

ఆ అమ్మాయి పేరు నిఖిల. నిజామాబాద్ పిల్ల. డిగ్రీ చేతిలో పట్టుకున్న ప్రతివాళ్ళనీ కన్సల్టెన్సీలు చెయ్యి పట్టుకుని కెనడా విమానం ఎక్కించిన రోజుల్లో తనూ ఎక్కింది. కాలేజీ అంటే గేటూ, చెట్లూ, గ్రౌండూ ఉంటాయనుకుంది. తీరా చూస్తే పళ్ళ డాక్టరు క్లినిక్ పైన నాలుగు గదులు. చదువు టూరిజం మేనేజ్‌మెంట్. ఆ డిప్లొమాతో వర్క్ పర్మిట్ రాదన్న సంగతి చేరాక గానీ తెలియలేదు. సీనియర్లను అడిగితే ఏదో ఒక దారి దొరుకుతుందిలే అన్నారు. వాళ్ళకూ దొరకలేదు. ఒకడు విండ్సర్‌లో గిడ్డంగి పనికి పోయి ఫోన్ నంబరు మార్చేశాడు, ఇంకొకతె చడీచప్పుడు లేకుండా ఇల్లు చేరింది.

నిఖిల స్టడీ పర్మిట్ జనవరితో ఆఖరు. ఈ సంబంధం కుదిరితే జర్మనీ, లేకపోతే నిజామాబాద్‌లో పెట్టె దించి, ఏం సాధించుకొచ్చావమ్మా అని అడిగే ప్రతి గడపకీ జవాబు చెప్పుకోవాలి. మొదట్లో ఆ సంబంధం విలువ ఆ పిల్ల దృష్టిలో అంతే. అబ్బాయి ఎవరన్నది తర్వాతి సంగతి.

చదువు సంగతి ఎలా ఉన్నా పోర్చుగల్ గురించి మాత్రం నిఖిలకు బాగా తెలుసు. హామిల్టన్‌లో ఆమె పనిచేసే బేకరీ పోర్చుగీసు వాళ్ళది. యజమానురాలి పేరు ఫాతిమా. ఆ పేరు విని నిఖిల మొదటి రోజు సలాం చెప్పబోయి, మెళ్ళో సిలువ చూసి ఆగిపోయింది. ఫాతిమాది మ్యాపులో ఆంటీ వేలికి తగిలిన ఆ దీవుల్లోనే ఒక పల్లె. రొట్టెలకు వచ్చే ముసలివాళ్ళంతా ఆ దేశం వాళ్ళే. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఒళ్ళు హూనం చేసుకుని రిటైరైనవాళ్ళు. కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంటే లిస్బన్‌లో ఏ మెట్ల మీద కూర్చుని సాయంత్రం చూడాలో, పోర్తోలో నది ఏ ఒడ్డున నడవాలో, మదీరాలో చేప మీద అరటిపండు పెట్టి ఎలా వేయిస్తారో గంటలు గంటలు చెప్పేవారు. నిఖిల ట్రేలు తుడుస్తూ అన్నీ మనసులో వేసుకునేది.

అందుకే ప్రయాణం ప్లాను వేసే పని ఆమే తీసుకుంది. మనవాళ్ళ టూర్లు ఆమెకు తెలుసు. వారంలో ఏడు దేశాలు చుట్టి, బస్సులో పులిహోర పొట్లాలు విప్పుకుని, ప్రతి చర్చి ముందూ ఒక ఫోటో దిగి, ఇంటికొచ్చాక ఏ చర్చి ఏ ఊళ్ళోదో తెలియక కొట్టుకుంటారు. ఆమె ప్లాను అలాంటిది కాదు. పొద్దున ఒక వీధి, మధ్యాహ్నం ఒక వంట, సాయంత్రం కూర్చోవడానికి ఒక గోడ. అలా లిస్బన్, పోర్తో, మదీరా, చివర్న ఫాతిమా వాళ్ళ దీవి. అంతా రాసి అబ్బాయికి పంపింది. కాలేజీలో అదే ప్రాజెక్టుగా ఇస్తే టీచరు క్లాసంతటికీ చదివి వినిపించింది.

వీసా రాలేదు. పర్మిట్ గడువు దగ్గర పడిన మనిషి తిరిగి వెళ్తుందన్న నమ్మకం లేదట. నిఖిల రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. మూడోనాడు అబ్బాయే ఫోన్ చేశాడు. అభిరామ్ వాళ్ళది వరంగల్, స్టుట్‌గార్ట్‌లో కార్ల ఇంజనీరు. అప్పటిదాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంది నాలుగైదు సార్లే, అదీ అండీ అండీ అంటూ. సెలవు పెట్టేశాను, టికెట్లు వెనక్కి తీసుకోరట, నేను వెళ్తాను, మీరు ఫోన్లో తిప్పండి అన్నాడు. నేను ఇక్కడ ఏది తింటే మీరు అక్కడ మీ బేకరీలో అదే తినండి, కలిసి తిన్నట్టే ఉంటుంది అన్నాడు. నిఖిలకు ఆ మాట ఎంత నచ్చిందంటే, పెట్టేసిన ఫోన్ని ఇంకాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది.

ఆగస్టు చివర్లో అతను లిస్బన్‌లో దిగాడు. అక్కడ భోజనాల వేళకు ఇక్కడ పొద్దుటి షిఫ్టులో ఆమెకు బ్రేక్. బేకరీ వెనక మెట్ల మీద కూర్చుని ఫోన్ ఎత్తేది. మొదటి రోజు గుడ్డు మీగడ నింపిన చిన్న టార్టులు తినిపించింది. పైన దాల్చినచెక్క పొడి చల్లుకోండి, బొబ్బట్టులాగే వేడిమీదే తినాలి, చల్లారితే దాని మొహం చూడలేం అంది. అతను నోరు కాల్చుకుని కళ్ళనీళ్ళతో నవ్వాడు. ఆమె చేతిలోనూ అలాంటిదే ఉంది, పొద్దున తనే పొయ్యిలోంచి తీసింది. పసుప్పచ్చ ట్రాము ఇళ్ళ గోడలు రాసుకుంటూ కొండెక్కడం చూపించాడు. కిటికీలకు ఆరేసిన దుప్పట్లు చూపించాడు. బొగ్గుల మీద కాల్చిన సార్డీన్ చేపల్ని ముల్లు ఎలా లాగాలో ఆమె చెబుతుంటే తప్పుగా లాగి, మళ్ళీ చెప్పించుకున్నాడు.

రెండో రోజు, నీ కాళ్ళు నొప్పి పుట్టవా, అంతసేపు నిలబడితే, అని అడిగాడు. మీరు కాస్తా నువ్వయిన సంగతి అతను గమనించాడో లేదో గానీ ఆమె గమనించింది. కెనడా వచ్చినప్పటి నుంచీ షిఫ్టు ఎన్ని గంటలని అడిగినవాళ్ళున్నారు, గంటకెంతని అడిగినవాళ్ళున్నారు. కాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. ఆ పూట నిఖిలకు జర్మనీ గుర్తుకే రాలేదు. ఈ మనిషి కావాలి అనుకుంది. మనసు అంత తొందరగా ఒకళ్ళ మీద పడుతుందని ఆమెకు తెలియదు. పడ్డాక వెనక్కి తీసుకోవడం తన చేతుల్లో ఉండదని అసలే తెలియదు.

తర్వాత పోర్తో. అక్కడ ఒక శాండ్‌విచ్ ఉంటుంది, ఎర్రటి వేడి పులుసులో నిండా మునిగి వస్తుంది. అందులో బీఫ్ ఉంటుంది, వద్దనుకుంటే ముందే చెప్పండి అని నిఖిల హెచ్చరించింది. నేను అన్నీ తింటా, మా అమ్మకు మాత్రం చెప్పకు అన్నాడు. ఇద్దరి మధ్యా ఒక గుట్టు ఏర్పడిందని ఆ పిల్ల మురిసిపోయింది. సరిగ్గా అప్పుడే ఫోన్లోంచి ఒక ఆడగొంతు, అచ్చ తెలుగులో, ఆ సాస్ ఇటివ్వండి అంది. ఫోన్ ఒక్కసారి ఊగింది. అభిరామ్ తమాయించుకుని, పక్క టేబుల్ తెలుగువాళ్ళది, ఎక్కడికి పోయినా మనవాళ్ళే అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఏముంది? నిఖిల కూడా నవ్వింది.

లోపలికి వెళ్ళి రొట్టెల మీద పిండి చల్లుతుంటే నవ్వు ఆగిపోయింది. పక్క టేబుల్ వాళ్ళు సాస్ ఇతన్ని ఎందుకు అడుగుతారు? అడిగారే అనుకుందాం, ఫోన్ ఊగింది అతను సీసా అందివ్వడానికి చెయ్యి చాచినందుకే. పక్కకు చాచలేదు, ఎదురుగా చాచాడు. అయినా ఆ రోజంతా తనకు తానే నచ్చజెప్పుకుంది. లిస్బన్ ఫోటోల్లో అతన్ని అంత దూరం నుంచి ఎవరు తీశారన్న ప్రశ్న కూడా వచ్చింది. దారినపోయేవాళ్ళు తీసి ఉంటారు అని దాన్నీ జోకొట్టింది.

మర్నాడు ఉండబట్టలేక విశాలాక్షి ఆంటీకి ఫోన్ చేసింది. ఆవిడ మొదట వాతావరణం గురించి మాట్లాడింది, తర్వాత యోగానంద్ అంకుల్ మోకాలి నొప్పి గురించి మాట్లాడింది. చివరికి, అది కాదమ్మా అని మొదలుపెట్టింది. తెలుగులో ఆ మాటతో మొదలైనదేదీ మంచికి వచ్చినట్టు ఎవరూ విని ఉండరు. నీకు వీసా రాకపోయేసరికి అబ్బాయి వాళ్ళమ్మ, ఎలాగూ హోటళ్ళలో రెండో గది బుక్ చేసి ఉంది కదా అని నెదర్లాండ్స్‌లో ఉన్న ఇంకో అమ్మాయిని కూడా రమ్మంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడే పర్మనెంటు. పేరు అనన్య. ఇద్దరినీ చూశాకే ఏదో ఒకటి చెబుతామన్నారు. నేను వద్దనలేదు, ఎందుకంటే నువ్వింకా లెక్కలోనే ఉన్నావు. మీ అమ్మకు ముందే చెప్పాం.

లిస్బన్‌లో మెట్లు ఎక్కించింది, సార్డీన్ ముల్లు తీయించింది, ఎక్కడ కూర్చోవాలో చెప్పింది. అదంతా ఇంకో అమ్మాయి పెళ్ళిచూపులకు చెప్పింది. నిఖిలకు తల తీసేసినట్టయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. నిజామాబాద్‌లో వాళ్ళమ్మ సరోజ అప్పుడే టీవీ కట్టేసి కూర్చుంది. తెలిసి ఎందుకు చెప్పలేదని కూతురు అడిగింది.

“చెప్తే నువ్వు ఫోన్ పక్కకు పడేస్తవని భయమైంది బిడ్డా,” అంది ఆవిడ. “ఇద్దర్ని జూసి చెప్తమన్నరు. నువ్వు మంచిగ మాట్లాడుతున్నవట, పిలగానికి నచ్చినవట, విశాలాక్షమ్మ చెప్పింది. ఇంక నాలుగు దినాలు ఓపిక పట్టు. కోపానికి పోకు. జనవరి తర్వాత ఏం జేస్తం, నువ్వే చెప్పు.”

కోపానికి పోవాల్సింది. ఈ కథ చెబుతున్నవాళ్ళకూ ఆ పిల్ల ఆ ఫోన్‌ని బేకరీ వెనక చెత్తడబ్బాలో పడేసి ఉంటే బాగుండుననే ఉంది. కానీ ఆమె పడేయలేదు. మర్నాడు బ్రేక్ ముందు ఏప్రన్ విప్పి, జడ విప్పి మళ్ళీ వేసుకుని, చెవులకు జూకాలు పెట్టుకుంది. పిండి అంటిన బుగ్గను అద్దంలో చూసి తుడుచుకుంది. ఫాతిమా చూసి ఏమిటీ విశేషం అని అడిగితే ఏమీ లేదంది. ఆశ అన్నది ఎంత సిగ్గులేనిదో ఆ అద్దం ముందు ఆమెకు అర్థమైంది. అర్థమైనా జూకాలు తీయలేదు.

అభిరామ్‌కు తనకు తెలిసిపోయిందని చెప్పలేదు. అతనూ ఏమీ చెప్పలేదు. మదీరాలో తీగల మీద వేలాడే బండి ఎక్కి కొండపైకి వెళ్ళండి, దిగేటప్పుడు వెదురుబుట్టలాంటి బండిలో కూర్చోండి, గడ్డిటోపీలు పెట్టుకున్న మనుషులు రోడ్డు మీద జారుస్తూ తీసుకెళ్తారు అంది. ఆ బండిలో ఇద్దరు ఆనుకుని కూర్చుంటారని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది, ఎందుకంటే మదీరాలో అంతకన్నా మంచిది ఇంకోటి లేదు, మంచిది దాచుకుని రెండో రకం చెబితే అతనికి తెలిసిపోతుందేమోనని భయం. రాతి పలక మీద కాల్చిన రొట్టె, వెల్లుల్లి వెన్న, చేప మీద అరటిపండు, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఒక్కోటి చెబుతూ, ఇది నేను చెప్పానని గుర్తుంచుకుంటాడు, రేపు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసుకునేటప్పుడు ఈ రొట్టె నా వైపు తూగుతుంది అనుకుంది. పరీక్ష రాస్తున్న పిల్లలా ఎక్కడ మార్కు పోతుందోనని ఒక్కో పేరూ రెండేసి సార్లు చెప్పింది.

అతను ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడాడు. ఎప్పటిలాగే కాళ్ళ సంగతి అడిగాడు. మంచివాడు కాడని అనుకోవడానికి వీల్లేకుండా ఉన్నాడు, అదే ఆమె కష్టం. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి నిద్రపోయేది. మంచివాడే, అయితే అమ్మ చెప్పినదానికీ ఆంటీ చెప్పినదానికీ తలూపే మంచివాడు. అలాంటివాళ్ళు ఎవరినీ తొయ్యరు. పక్కకు జరిగి నిలబడతారు, పడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పడతారు.

ఆఖరి మజిలీ ఫాతిమా వాళ్ళ దీవి. అక్కడికి చేరిన రోజు ఫోన్ రాలేదు. సిగ్నల్ ఉండదేమో అనుకుంది. కొట్లో జనం ఎక్కువగా ఉన్నారు, అది నయమైంది. మర్నాడు బ్రేక్‌లో మెట్ల మీద కూర్చున్నాక అభిరామ్ నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే తెర మీద ఒక అమ్మాయి. గాలికి జుట్టు మొహం మీద పడుతోంది, వెనక నేలలోంచి ఆవిరి లేస్తోంది. చక్కని పిల్ల, నవ్వు కూడా చక్కగానే ఉంది.

“హాయ్ అండీ, నేను అనన్య,” అంది. “మా ట్రిప్ ప్లాన్ చేసిన ట్రావెల్స్ వాళ్ళు మీరే కదా. అభిరామ్ చెప్పారు. థాంక్స్ చెబుదామని నేనే కాల్ చేయించాను.”

నిఖిల ఫోన్‌ని రెండో చేతిలోకి మార్చుకుంది. అనన్య ఫోన్ సరిగ్గా వినబడటం లేదనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పింది. నిన్న రెండు రంగుల చెరువు దగ్గరికి వెళ్ళారట. అన్నిచోట్లా ఏం తినాలో రాసిన మీరు, అక్కడ మాత్రం ఏమీ తినకండి, ఊరికే కూర్చోండి అన్నారు కదా, అంది. కూర్చున్నారట. అక్కడే ఇద్దరూ ఓకే అనుకున్నారట. రాత్రి ఇళ్ళకు ఫోన్ చేసి చెప్పేశారట, ముహూర్తం డిసెంబరులో ఉండొచ్చట.

“హనీమూన్‌కి కూడా మీరే ప్లాన్ చేయాలి. వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళం.”

ఆ చెరువు దగ్గర సాయంత్రాన్ని నిఖిల తన కోసం ఖాళీగా ఉంచుకుంది. ఏమీ తినకుండా, ఏమీ చేయకుండా ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటే అడగాల్సిన మాట దానంతటదే వస్తుందని, వీసా ఇంకా చేతికి రాని రోజుల్లో, కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుని అనుకుంది. ఆమె లెక్క తప్పలేదు. మాట వచ్చింది, విన్నది తను కాదు, అంతే తేడా.

అనన్యకు ఏమీ తెలియదు. ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఒక్క మాట చెబితే ఆ నవ్వు ఆరిపోతుంది. నేను ట్రావెల్స్ మనిషిని కాదు, మీ చోట కూర్చోవాల్సిన మనిషిని, అతను రోజూ నా కాళ్ళ గురించి అడిగాడు అని చెప్పవచ్చు. నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు అనన్య వెనక, ఆవిరి పక్కన, అటు తిరిగి నిలబడ్డ అభిరామ్ కనిపించాడు. కొండల వైపు చూస్తున్నాడు. అనన్య పిలిస్తే తిరిగాడు, తెరలోకి చూశాడు, వెంటనే కళ్ళు దించేశాడు.

“చాలా థాంక్స్ నిఖిల గారూ,” అన్నాడు.

నిఖిల గారు. ఆ గారుతో ఆమె లోపల ఏదో పుటుక్కున తెగింది. చెప్పి ఏం ప్రయోజనం? అనన్య ఏడుస్తుంది, ఆంటీ సర్దిచెబుతుంది, అమ్మ నిజామాబాద్‌లో తల పట్టుకుంటుంది, అతను మళ్ళీ ఎవరు ఏది చెబితే దానికి తలూపుతాడు. ఎవరో ఊపితే వచ్చే మనిషిని తెచ్చుకుని ఏం చేసుకోవాలి? ఇంత తెలిసినా, ఇప్పుడు అతను ఆ ఫోన్ లాక్కుని నిఖిలా అని ఒక్కసారి పిలిస్తే అన్నీ మర్చిపోయేదే. అతను పిలవలేదు. ఎదురుచూడటం అయిపోయింది, ఇక ఎదురుచూడటానికి ఏమీ మిగల్లేదు. ఏడవడానికి కూడా బ్రేక్ ఇంకాసేపే ఉంది.

అనన్య ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఈ వేడినేలలో గుంటలు తీసి కుండలు పాతిపెట్టి పొద్దుటి నుంచీ ఉడికిస్తున్నారు, ఇప్పుడే పైకి తీస్తున్నారు, భలే ఉంది అని కెమెరా అటు తిప్పి చూపించింది. ఇద్దరు మనుషులు మట్టి తోసి పెద్ద కుండను కొక్కేలతో లాగుతున్నారు. కానీ అందులో బీఫ్ ఉంటుందట కదండీ, మేమిద్దరం బీఫ్ ముట్టం, అంది. అభిరామ్ పక్కనే ఉండి ఏమీ అనలేదు. నిఖిలా ఏమీ అనలేదు.

లోపల్నుంచి ఫాతిమా కేకేసింది, రెండో విడత రొట్టెలు పొయ్యిలోంచి తీయాలి. నిఖిల లేచి నిలబడి, గొంతు సవరించుకుని, కొట్లో గిరాకీలతో మాట్లాడే గొంతుతో మాట్లాడింది. అక్కడే హోటల్లో చేప కూడా ఉంటుంది, అడిగితే కూరగాయలతో పెడతారు, బాగుంటుంది అంది.

“ఎన్ని చెప్పమంటారు? రెండు ప్లేట్లా?” అని అడిగింది అనన్య.

“ఒకటి చాలండీ,” అంది నిఖిల. “పెద్ద ప్లేటు. ఇద్దరికీ సరిపోతుంది.”